కచేరీకి ముందు భోజనం

మొన్న చలికాలంలో, సంగీతం మీద పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. చిన్న టేప్‌రికార్డరు బల్ల మీద పెట్టి, ఎర్ర దీపం వెలిగిందో లేదో వంగి చూసుకుని, "పాతబస్తీలో జరిగిన శుక్రవారం కచేరీలు విన్నవాళ్లలో ఇప్పుడు మీరొక్కరే మిగిలారట కదండీ, ఆ విద్వాంసుల గురించి చెప్పండి" అంది. మిగలడం నేను చేసిన ఘనకార్యం అయినట్టు అడిగేసరికి నాకు ఒళ్లు మండింది. "నేను కచేరీలు వినలేదమ్మా, మోశాను" అన్నాను. ఆ పిల్ల అది ముసలావిడ చమత్కారం అనుకుని నవ్వి, ఎవరు ఏ రాగం ఎంతసేపు పాడేవారని మొదలుపెట్టింది. నేను మంచినీళ్లకని ఒకసారి లేచాను, కిటికీ వెయ్యడానికి ఒకసారి, అదే కిటికీ తియ్యడానికి ఇంకోసారి. చిన్నప్పటి నుంచీ నాకు కాలు ఒకచోట నిలవదు. పాత సంగతులు అడిగితే మరీను. ఆమె వెళ్లిపోయాక ఆ సాయంత్రమంతా ఇంట్లో ఊరికే తిరిగాను. అడగవలసింది రాగాల గురించి కాదు, అన్నం గురించి. మా ఇంటికి వచ్చిన సంగీతమంతా వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగేది. గుమ్మానికి అవతల మా అమ్మ ఉండేది.

మా ఇల్లు శాలిబండలో. బాపు నయాపూల్ దగ్గరి కోర్టులో పేష్కారు. జడ్జిగారి ముందు మిసళ్లు, అంటే దావా కాగితాల కట్టలు, పెట్టడం, పిలవమన్న పేర్లు గట్టిగా పిలవడం ఆయన ఉద్యోగం. పగలంతా ఉర్దూలో అరిచిన గొంతుతో ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుంటూనే ఏదో రాగం తీసేవాడు. ఆ గొంతుకి రాగం ఒక్కటీ లొంగేది కాదు, అయినా మానేవాడు కాదు. మోకాలి నొప్పికని మొఘల్‌పురాలో ఒక హకీం సాబ్ దగ్గరికి వెళ్లి, నొప్పి మాట మరిచి సంగీతం మాటల్లో పడ్డాడు. హకీం సాబ్ చెవి ఉత్తరాది పాటకి అలవాటైన చెవి. "పేష్కార్ సాబ్, మీ దక్షిణపోళ్ల పాటల లెక్క ఎక్కువ, రహమ్ తక్కువ, దయనే లేదు" అని ఆయన అంటే, "మీ పాట మొదలయ్యేలోపల మా పాట ఇంటికి పోయి పండుకుంటది" అని బాపు అనేవాడు. ఈ లొల్లి తెగక ఇద్దరూ కలిసి ఒప్పందానికి వచ్చారు. చలికాలం నెలల్లో, జుమ్మా నమాజు అయ్యాక, హకీం సాబ్ ఇంటి హాలంత పెద్ద దాలానులో ఒక శుక్రవారం ఉత్తరాది వాళ్లు పాడాలి, మరో శుక్రవారం దక్షిణాది వాళ్లు. ఉత్తరం నుంచి వచ్చినవాళ్ల బస హకీం సాబ్ ఇంట్లో, దక్షిణం నుంచి వచ్చినవాళ్ల బస మా ఇంట్లో. దీన్ని మగవాళ్లిద్దరూ సమానమైన పంపకం అనుకున్నారు. హకీం సాబ్ ఇంట్లో వంటకు నలుగురు మనుషులు ఉండేవారు. మా ఇంట్లో అమ్మ ఉండేది.

దక్షిణాది విద్వాంసులు వస్తున్నారంటే మా ఇంటి వాసనే మారిపోయేది. వాళ్లకి చాయ్ పనికిరాదు, కాఫీ కావాలి. మా గల్లీలో కాఫీ అంటే ఎవరికీ తెలియదు. అమ్మ ఇనప మూకుడులో గింజలు వేయిస్తుంటే పక్కింటివాళ్లు దగ్గుకుంటూ వచ్చి ఏం మాడిందని అడిగేవారు. స్టేషను నుంచి టాంగా నయాపూల్ దాటి వచ్చి వాకిట్లో ఆగేది. ముందు తంబూరా దిగేది, గుడ్డ తొడుగులో, జ్వరం వచ్చిన మనిషిని దించినంత జాగ్రత్తగా. తర్వాత పరుపుచుట్టలు, మరచెంబులు, చివరికి మనుషులు. ఒక ఫిడేలు ఆయన చలికి వేళ్లు బిగుసుకుంటాయని పొద్దున్నే గోరువెచ్చని ఆముదం అడిగేవాడు. ఇంకొకాయన గొంతు దాచుకోవాలని మధ్యాహ్నం దాకా మాట్లాడేవాడు కాదు, ఏం కావాలన్నా చప్పట్లు కొట్టేవాడు. ఏ చప్పట్లకి నీళ్లో, ఏ చప్పట్లకి తువ్వాలో అమ్మకి ఒక్కదానికే తెలిసేది. మృదంగం ఆయన వచ్చాడంటే ఎడమవైపు మూతకి అద్దడానికి తడిపిన బొంబాయి రవ్వ ముద్ద కావాలి. ఉప్మాకని దాచిన రవ్వ మృదంగానికి పోయిందని అమ్మ గొణిగేది కానీ, ముద్ద మాత్రం ఆయనకు నచ్చేటట్టే కలిపేది.

వీళ్లలో ఎన్ని రకాల మనుషులున్నా ఒక్క విషయంలో అందరిదీ ఒకే మాట. కచేరీకి ముందు భోజనం చెయ్యరు. కాసిని పాలు, లేదంటే పలచటి మజ్జిగ, అంతే. కడుపు నిండితే ఊపిరి ఆడదు, ఊపిరి ఆడకపోతే పాట నడవదు. కచేరీ అయ్యి ఇంటికి వచ్చేసరికి మాత్రం ఆకలి దంచేస్తుంటుంది. అప్పుడు వేడివేడిగా, మడిగా వండిన అన్నం విస్తట్లో పడాలి. మడి వంట అమ్మ తప్ప ఇంకెవరూ చెయ్యడానికి లేదు. అందుకని దాలానులో తంబూరా మీటే వేళకి అమ్మ పొయ్యి ముట్టించేది, దాలానులో మంగళం పాడే వేళకి అన్నం వార్చేది. ఇలా ఎన్ని చలికాలాలు గడిచాయో! అంతమంది విద్వాంసులకి వండిపెట్టిన మా అమ్మ వాళ్లలో ఒక్కరి పాటా వినలేదు. ఇది అన్యాయమని అప్పట్లో ఎవరూ అనుకోలేదు, అమ్మతో సహా.

అమ్మ వినడానికి నన్ను పంపేది. నాకప్పుడు పద్నాలుగో పదిహేనో. హకీం సాబ్ దాలానులో వెనక వైపు వెదురు పుల్లల తెర కట్టేవారు, దాన్ని చిల్మన్ అనేవారు. దాని వెనక ఆడవాళ్లం. హకీం సాబ్ భార్యని నేను బేగం ఖాలా అని పిలిచేదాన్ని. ఆవిడ తమలపాకుల పెట్టె, పాందాను, పక్కన నా చోటు. అందరూ పాట వింటుంటే నేను పాట మూటకట్టుకునేదాన్ని. తోడిలో ఒక విరుపు, మోహనలో ఒక మెరుపు, ఎక్కడ ఎవరు 'వహ్వా' అన్నారు, ఎవరు నిద్రపోయారు, అంతా గుర్తుపెట్టుకోవాలి. ఒకటి గుర్తుపెట్టుకుంటుంటే రెండోది జారిపోయేది. ఆ కంగారుకి నా కాళ్లు వాటంతట అవే ఊగేవి. "ఏందే శకూ, గా కాళ్లు ఊపుడు బంద్ చెయ్యి, నా పాందాన్ అంత గలగలమంటున్నది" అని బేగం ఖాలా నా మోకాలు పట్టుకునేది. కచేరీ అయ్యాక మగవాళ్లు అత్తరు పూసుకుంటూ, పాన్ నములుతూ ఇంకా మాట్లాడుకుంటుండగానే నేను పరదా టాంగాలో ఇంటికి పరుగెత్తేదాన్ని. విద్వాంసులు వచ్చేలోపు సరుకంతా అమ్మకి దించెయ్యాలి. అమ్మ అప్పడాలు వేయిస్తూనో, పచ్చడి నూరుతూనో "ఊఁ, తర్వాత?" అనేది. నేను పాడి చూపించేదాన్ని. నాకు రాని చోట చేత్తో చూపించేదాన్ని. అక్కడ అమ్మ తలూపేది. పెళ్లికి ముందు పుట్టింట్లో రెండు మూడేళ్లు సంగీతం చెప్పించుకుంది కాబట్టి, నా చెయ్యి ఎటు పోతే రాగం ఎటు పోయిందో ఆవిడకు తెలిసేది.

గోదావరి జిల్లా నుంచి మాధవయ్యగారు మొదటిసారి వచ్చిన శుక్రవారం నేను తెచ్చిన మూట వేరు. ఆయన అంతకు ముందు వచ్చినవాళ్లలా ఆర్భాటం మనిషి కాదు. సన్నటి మనిషి, యాభై దాటాయి, మాట మెత్తన. ఆ రోజు ఆయన కాంభోజి పాడాడు. పైకి ఎక్కడం, అక్కడ నిలబడతాడనుకునేలోపే జారడం, జారుతూ జారుతూ ఎక్కడో పట్టుకుని మళ్లీ పైకి పోవడం. నేను ఇంటికొచ్చి ఆ జారుడు ఒక్కటీ ఎలాగో పాడి చూపించాను. అమ్మ చేతిలో గరిటె ఆగింది. "మళ్లొకసారి పాడు" అంది. మళ్లీ పాడాను. ఆ తర్వాత ఏడాదంతా ఆ ముక్క మా ఇంట్లో తిరిగింది. అమ్మ బియ్యం ఏరుతూ అదే, బట్టలు ఆరేస్తూ అదే, జ్వరంతో పడుకున్నప్పుడు కూడా దుప్పటి కిందనుంచి అదే. కానీ చివరికంటా వచ్చేది కాదు, ఎందుకంటే చివర నేను తేలేకపోయాను. అక్కడికి రాగానే ఆగి, చిరాకుగా నా వైపు చూసేది. బజారు నుంచి సగం సరుకే తెచ్చినట్టు నాకు ఉక్రోషం వచ్చేది.

మరుసటి చలికాలం మాధవయ్యగారు మళ్లీ వస్తున్నారని బాపు చెప్పిన రోజు అమ్మ కవ్వం పక్కన పెట్టి, "ఈసారి నేను గూడ వస్త" అంది.

"ఎక్కడికి?" అన్నాడు బాపు. నిజంగానే ఆయనకు అర్థం కాలేదు.

"కచేరికి. ఆ కాంభోజి ఆయన నోట ఒక్కసారి వింట. ఇంక ఎన్నడు అడుగ."

పాపం, ఆయనకు అమ్మని వద్దనాలని లేదు. "వద్దంటనానే? గని వంట? ఆయన ఆకలితోని వస్తడు గద" అన్నాడు. అమ్మ మళ్లీ కవ్వం అందుకుంది. అందుకున్న తీరు చూసి బాపుకి ఫికరు పట్టుకుంది. ఆ రాత్రి భోజనం దగ్గర తనే దారి కనిపెట్టాడు. "గిట్ల జేద్దాం. ఆయనకు కచేరికి ముందుగాలనే పెట్టేద్దాం. తినుడు అయిపోతె నీకు పని లేదు. హాయిగ వచ్చి కూసుండు." అమ్మ మొహం వెలిగిపోయింది. కచేరీకి ముందు ఎందుకు తినరో అమ్మకి తెలియదా? బాపుకి తెలియదా? ఇద్దరికీ తెలుసు. అయినా ఆశ పుట్టాక తెలిసినవన్నీ తెలియనట్టే ఉంటాయి.

ఆ శుక్రవారం అమ్మ వండిన వంట నేను ఇంతవరకు ఇంకే విస్తట్లోనూ చూడలేదు. ఆ రోజు చెయ్యాల్సింది తక్కువగా పెట్టడం. అది మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. గుత్తివంకాయ, ముద్దపప్పు, చింతకాయ పచ్చడి, పులిహోర, భక్ష్యాలు, గడ్డపెరుగు. పాట పాడటానికి వచ్చిన మనిషికి కృతజ్ఞత చెప్పుకోవడానికి అమ్మకి తెలిసిన మార్గం అదొక్కటే. విస్తరి చూసి మాధవయ్యగారు కంగారు పడ్డారు. "కచేరీకి ముందు నేను భోంచెయ్యనండీ. కాసిని మజ్జిగ ఇప్పించండి, చాలు" అన్నారు. బాపు నాలాగే కుదురు లేని మనిషి, దాచడం తెలియదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. "అయ్యా, మీరు ఇప్పుడు తింటెనే మా ఆమె కచేరికి రాగల్గుతది. మీ కాంభోజి కోసం ఏడాది సంది ఎదురు చూస్తున్నది" అన్నాడు. తలుపు చాటున అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. మాధవయ్యగారు ఒక్క క్షణం ఆ తలుపు వైపు చూసి, ఉత్తరీయం సర్దుకుని పీట మీద కూర్చున్నారు. "అందుకా? అయితే తప్పకుండా తింటాను" అన్నారు.

తిన్నారు. ఆయన కొంచెంగానే తిందామనుకున్నారేమో! కానీ అమ్మ వడ్డించే తీరు ఆయనకు తెలియదు. వద్దు అని చెయ్యి అడ్డం పెడితే, చెయ్యి తీసేదాకా గిన్నెతో అలాగే నిలబడుతుంది. మాట్లాడదు. ఆ మౌనాన్ని ఎవరూ భరించలేరు. భక్ష్యం మీద నెయ్యి, నెయ్యి మీద ఇంకో భక్ష్యం. పులిహోర బాగుందని మర్యాదకి అన్నారు, అది ఇంకో గరిటెకు దారి తీసింది. చివర్న పెరుగన్నం దగ్గర ఆయన నుదుటి మీద చెమట నాకు కనిపించింది. తోడు వచ్చిన ఫిడేలు ఆయన, మృదంగం ఆయన మజ్జిగ తాగి బయటి అరుగు మీద కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

అమ్మ పెట్టె అడుగు నుంచి పట్టుచీర తీసి కట్టుకుంది. మడతల దగ్గర కర్పూరం వాసన. టాంగాలో పరదా సందులోంచి బజారు చూస్తూ, నాతో చిన్నపిల్లలా మాట్లాడింది. "ఆయన ఎక్కడ కూసుంటడే? మనకు కనవడ్తడా? చిల్మన్ దగ్గరనే కూసుందాం, ఏం?" బేగం ఖాలా అమ్మని చూడగానే లేచి ఎదురొచ్చి, "ఆగయా చాంద్!" అని రెండు చేతులూ పట్టుకుని, తన పక్క గావుతకియా దిండు దగ్గర, తెరకు ఆనుకుని కూర్చోబెట్టింది. దాలాను నిండా మనుషులు. లోబాను పొగ, అత్తరు, పక్క గదిలో హకీం సాబ్ మందుల డబ్బాల ఘాటు. అమ్మ ఆ పుల్లల సందులకు కళ్లు ఆనించి కూర్చుంది. ఈసారి నాకు మోసే పని లేదు. ఒక కచేరీ నాకోసం నేను వినొచ్చు. ఆ హాయి తెలియక కాళ్లు మరీ ఊగాయి.

మాధవయ్యగారు మొదలుపెట్టారు. మొదటి కీర్తన ఎలాగో గట్టెక్కింది. రెండోదానికి ఊపిరి చాలలేదు. పైకి వెళ్లబోయి సగంలో ఆగి, కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. త్రేన్పు. మళ్లీ ఎత్తుకున్నారు, మళ్లీ కండువా. ఫిడేలు ఆయన ఆ ఖాళీలు నింపడానికి అవస్థ పడుతున్నాడు. మాట మాటకీ 'వహ్వా' అనే అలవాటున్న జనం, అనడానికి చోటు దొరకక నశ్యం డబ్బీలు తెరుస్తూ మూస్తూ కూర్చున్నారు. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఎవరో జోళ్లు వెతుక్కున్నారు. నేను ముందు మాధవయ్యగారిని చూసి, తర్వాత అమ్మని చూశాను. అమ్మ తెర వైపు చూడటం మానేసింది. చీర అంచు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. పాట ఎలా పోయినా పోనీ, అమ్మ మొహం అలా కావడం నేను చూడలేకపోయాను.

మాధవయ్యగారు రెండు చేతులూ జోడించి కాసేపు విరామం అడిగారు. హకీం సాబ్ తెర దగ్గరికి వచ్చి, ఇటు వైపు మొహం పెట్టకుండా, మెల్లగా అన్నారు. "భాభీజీ, ఆయనకు పేట్ భారీ అయ్యింది. నా ఇంట్ల గీ మందులు డబ్బాలకు డబ్బాలున్నయి. గని ఆయన మా ఇంట్ల నీళ్లు గూడ తాగరు. నాకు ఎరుకే, నేను అడిగి ఆయన్ని ఇబ్బంది పెట్ట. మీ ఇంట్లకెళ్లి ఏమన్న వస్తెనే..." ఆయన మాట పూర్తి కాకముందే అమ్మ లేచి నిలబడింది.

అమ్మ నన్ను తీసుకుని టాంగా ఎక్కింది. ఇంటికి వెళ్లగానే పట్టుచీర విప్పి, మడిచీర చుట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుంది. శొంఠి దంచింది. వాము, మిరియాలు, చిటికెడు ఉప్పు, చిన్న బెల్లం ముక్క. కషాయం మరిగే వాసన ఇల్లంతా కమ్ముకుంది. మరచెంబులో పోసి మూత బిగించి నా చేతికిచ్చింది.

"నువ్వు పో. జల్ది. వేడి వేడిగ తాగుమని చెప్పు."

"నువ్వు గూడ రా. చీర కట్టుకో, టాంగా ఆగుతది."

"నేను రాను."

"ఏందమ్మా గట్లంటవ్? కాంభోజి ఇంక పాడలే. ఇది తాగినంక పాడ్తడు."

"పాడనీ. మంచిగ పాడనీ. నేను మళ్లా ఆడికొచ్చి ఆయన ముందట కూసునుడేంది శకూ? నా కోసం తినవట్టి ఆయన పరువు పోయె. నన్ను సూస్తె ఆయనకు మళ్లా గదే యాదికొస్తది."

"ఆయనకు నువ్వు కనవడవ్, చిల్మన్ ఉంటది గద!"

"నాకు ఆయన కనవడ్తడు గద" అంది అమ్మ.

నేను ఏడ్చాను, కాలు నేలకేసి కొట్టాను, చెంబు కింద పెట్టేస్తానని బెదిరించాను. అమ్మ నన్ను భుజాలు పట్టుకుని వాకిట్లోకి నెట్టి, టాంగా ఎక్కించి పరదా దించింది. దారంతా ఆ వేడి చెంబు ఒళ్లో పెట్టుకుని, అమ్మ మీద, బాపు మీద, భక్ష్యాల మీద, లోకం మీద మండిపడుతూ వెళ్లాను.

కషాయం పనిచేసింది. మాధవయ్యగారు గుటక గుటకకీ కళ్లు మూసుకుని తాగారు. దాలాను బయట కాసేపు నడిచారు, వచ్చి కూర్చున్నారు. ఈసారి గొంతు తెరుచుకుంది. కాంభోజి ఎత్తుకున్నారు. దాని గురించి ఆ పరిశోధన అమ్మాయికి నేనేం చెప్పగలను? లెక్క ఎక్కువ, రహమ్ తక్కువ అనే హకీం సాబ్ రెండు చేతులతో మొహం కప్పుకుని కూర్చున్నారు. పాందాను మూత తెరిచిన బేగం ఖాలా దాన్ని మూయడం మరిచిపోయింది. బాపు మాత్రం మాటిమాటికీ చిల్మన్ వైపు తిరిగి చూస్తున్నాడు. తెర వెనక అమ్మ ఉందని, వింటోందని ఆయన సంబరం. నేనేమో ఆ పాటను ఎలాగైనా మొత్తం మూటకట్టాలని పిడికిళ్లు బిగించి కూర్చున్నాను. ఎక్కిన ప్రతి మెట్టు, జారిన ప్రతి జారుడు, పోయినసారి తేలేకపోయిన ఆ చివర. అంత గట్టిగా పట్టుకోబోయేసరికి ఏదీ నిలవలేదు. మంగళం అయ్యేసరికి నా దగ్గర ఏమీ లేదు. కళ్లనీళ్లు తప్ప.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "తాగిండా? పాడిండా?" అంది. నేను తలూపాను. "కాంభోజి?" దానికీ తలూపాను. "మంచిగ పాడిండా?" "మస్తు పాడిండు" అన్నాను, తిట్టినట్టుగా. అమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని, "హమ్మయ్య, నిమ్మళమైంది" అంది. ఆ మొహంలో బాధ కోసం వెతికాను. అప్పటికి ఒక్క రవ్వ కూడా కనిపించలేదు. అదే నాకు మరీ కోపం తెప్పించింది. రోజూలా "తర్వాత?" అంటుందని భయపడ్డాను. అనలేదు. నేను ఖాళీ చేతులతో వచ్చానని చూడగానే తెలిసిపోయిందేమో!

కాసేపటికి మాధవయ్యగారు వచ్చారు. కాళ్లు కడుక్కుని, నేరుగా వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "తల్లీ, మీ కషాయం ఇవాళ నన్ను కాపాడింది. కాంభోజి మీకోసమే పాడాను. తెర వెనక ఉన్నారని మీవైపు తిరిగి పాడాను. విన్నారా?" అన్నారు. నేను నోరు తెరిచాను. అమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. "విన్ననండి. మస్తు మంచిగ పాడిండ్రు. జన్మల మరిచిపోను" అంది, తలుపు చాటు నుంచి. ఆయన మొహం విప్పారింది. మర్నాడు పొద్దున్నే టాంగా ఎక్కి వెళ్లిపోయారు. బాపుకి నిజం తెలిసింది ఆయన వెళ్లాకే. మళ్లీ ఇంకో కచేరీకి తీసుకెళ్తానని బాపు ఎన్నోసార్లు అడిగాడు. "ఒక్కసారే అడిగిన, పోయిన, అయిపోయింది" అనేది అమ్మ.

ఇప్పుడు విద్వాంసులు హోటల్లో దిగుతారు. ఏం తిన్నారో, తినలేదో నిర్వాహకులకు కూడా తెలియదు. కచేరీ హాలులో ఆడవాళ్లు ముందు వరసలోనే కూర్చుంటారు, మధ్యలో లేచి క్యాంటీనుకు వెళ్లి వస్తారు. ఆ రోజులే బంగారు రోజులని చెప్పే ముసలివాళ్లంటే నాకు పడదు. తెర వెనక కూర్చున్నవాళ్లకి, తెర దాకా కూడా రాలేని మా అమ్మలాంటి వాళ్లకి అవేం బంగారం? కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఒక మనిషి తన పాట వినాలని ఉందంటే, తన నియమం పక్కన పెట్టి విస్తరి ముందు కూర్చున్న పాటగాణ్ణి నేను తర్వాత చూడలేదు. ఇప్పుడు కచేరీకి వెళ్లినా నేను అరగంట కన్నా ఎక్కువ కూర్చోలేను. ఎవరికో మోసుకెళ్లి చెప్పాలన్న తొందర ఇంకా ఒంట్లో ఉంది. వినే మనిషి మాత్రం ఇంట్లో లేదు.

శుక్రవారం కచేరీలు మరికొన్నేళ్లు జరిగాయి. తర్వాత రాజ్యం మారే గొడవల్లో ఊరు ఊరుగా లేని రోజులు వచ్చాయి, బయటివాళ్లు రావడం మానేశారు, దాలాను చిల్మన్ చుట్టి లోపల పెట్టేశారు. ఆ గొడవలన్నీ సద్దుమణిగాక నేను కాన్పుకి పుట్టింటికి వచ్చాను. అప్పటికి బాపు ఒక రేడియో కొన్నాడు. ఒక సాయంత్రం బాపు దాని చెవి తిప్పుతూ, ఉలిక్కిపడి, "ఏమే, జల్ది రా! మాధవయ్యగారు!" అని కేకేశాడు. అమ్మ తడిచేతులతోనే వచ్చి రేడియో ముందు నేల మీద కూర్చుంది. కాంభోజి.

గొంతు పోయింది. మొదటి ఎత్తుగడకే నాకు తెలిసింది. పైకి వెళ్లబోయి మధ్యలోనే దిగిపోతున్నారు. ఒకచోట ఊపిరి కోసం ఆగారు, ఇంకోచోట స్వరం వణికింది. ఆ రోజు దాలానులో హకీం సాబ్ చేత మొహం కప్పించిన మనిషి ఇంతలోనే ఇంత ముసలివాడైపోయాడా అనుకున్నాను. అమ్మ మటుకు కదలకుండా విన్నది. ఇన్నేళ్లకి ఆయన నోట ఆ రాగం మొదలు నుంచి చివరిదాకా మొదటిసారి, చివరిసారి విన్నది. పాట అయ్యి, రేడియోలో ఇంకెవరో వార్తలు చదవడం మొదలుపెట్టాక గానీ తల ఎత్తలేదు.

"వయసై పోయింది పాపం" అని బాపు అనబోయాడు. అమ్మ వినిపించుకోలేదు. రేడియో వైపే కోపంగా చూస్తోంది.

"ఎవరో కడుపు నిండ తినవెట్టిండ్రు" అంది. "అంతమంది ఉండి ఇంత కషాయం ఇయ్యకపోయిరి."